అట్టలో దొరికిన అమ్మ మాట

1979 జూన్ 11వ తేదీన మన శంషాబాద్ సేవా సదనంలో గుమాస్తాగా చేరిన శ్రీమతి డోర్కాస్ గారు, ముప్పై నాలుగేళ్లకు పైబడిన సేవానంతరం, ఈ 2014 ఫిబ్రవరి 28న పదవీ విరమణ చేస్తున్నారు. సంస్థ చరిత్ర యావత్తూ ఇక్కడ విడిచిన బిడ్డల ప్రవేశ రిజిస్టర్లలోనే ఉన్నదని నమ్మి, వాటిని కంటికి రెప్పలా కాపాడినవారు ఆమె. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని వాటికోసమే ఆఫీసంతా గాలించే ఆమెకు, ఏ ఏటి రిజిస్టరు ఏ అరలో ఉన్నదో మాత్రం కళ్లు మూసుకున్నా తెలుసు.

1986లో, చెదలు తగిలిన పాత రిజిస్టర్లను రక్షించాలనే సదుద్దేశంతో ఆమె వాటికి బైండింగు చేయించారు. బైండరు చిరిగిన అంచులన్నీ నున్నగా కత్తిరించి తెచ్చాడు. అందరమూ మెచ్చుకున్నాము. బిడ్డను తెచ్చిందెవరో పూర్వపు వార్డెనమ్మ ఆ మార్జిన్లలోనే రాసేవారన్న సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు.

2008లో రోడ్డు వెడల్పులో పాత భవనం పోయినప్పుడు, ఆ రిజిస్టర్లను ఆమె లారీకి అప్పగించక, ఆటోలో ఒడిలో పెట్టుకుని విడతలుగా కొత్త భవనానికి చేర్చారు.

2011లో పాల్మాకుల నుండి శివమ్మ గారు వచ్చారు. మూడేళ్ల ప్రాయంలో చేరి, పెళ్లయ్యేదాకా సదనంలోనే పెరిగిన ఆమె అడిగింది ఒక్కటే, తనను ఇక్కడ విడిచింది ఎవరని. 1961 నాటి పుట తెరిస్తే మార్జిన్ లేదు. డోర్కాస్ గారు తప్పును బైండరు మీదికి నెట్టలేదు. "నేనే కోయించిన శివమ్మా, తప్పు నాదే" అన్నారు. తరువాత వారం రోజులు ఆమెకు అన్నం సయించలేదు.

కాటేదాన్ అట్టపెట్టెల కార్ఖానాలో పనిచేసే డోర్కాస్ గారి భర్త సీమోను గారు, పాత బైండర్లు కత్తిరించగా మిగిలిన చిత్తుకాగితాలనే పొరలుగా అతికించి అట్టలు తయారుచేసేవారని గుర్తుచేశారు. డోర్కాస్ గారు ఆ రిజిస్టర్ల ఒక్కొక్క అట్టకూ ఆవిరి పట్టి, పొరపొరా విప్పారు. పదకొండో అట్టలో, శివమ్మ గారి క్రమసంఖ్యతో సహా ఆ చీలిక దొరికింది: "తల్లి భాగ్యమ్మ, మహేశ్వరం. వానలు పడ్డంక వచ్చి తోల్కపోతనన్నది."

శివమ్మ గారు దానిని చూసి, "అంటే మా అమ్మ నన్ను పారేసి పోలే" అన్నారు. మాకందరికీ కళ్లు చెమర్చాయి.

మహేశ్వరంలో విచారిస్తే, బిడ్డను ఎక్కడ ఉంచిందీ ఎవరికీ చెప్పకుండానే, ఆ వానలకు ముందే భాగ్యమ్మ గారు జ్వరంతో కన్నుమూశారని తెలిసింది. శివమ్మ గారి అన్న సోమయ్య గారు మాత్రం ఉన్నారు. చెల్లెలిని తొలుత గుర్తుపట్టలేదు, ఆపై మూడు రోజులు ఇంటికి పోనివ్వలేదు. నాటినుండి మన కార్యాలయంలో పాత కాగితానికి ఎవరూ కత్తెర తగిలించరు.

విరమణ వార్త విని మొన్న వచ్చిన శివమ్మ గారు, "వానలు పడ్డంక వచ్చి నిన్ను మా అన్న ఇంటికి తోల్కపోత అక్కా" అని చెప్పి వెళ్లారు. తల్లి చెల్లించుకోలేకపోయిన ఆ మాటను కూతురు ఈ తొలకరికి చెల్లించుకోనున్నది. ఈ తొలకరికే కాక మరెన్నో తొలకరులకు ఆ పిలుపు అందుకునేలా, డోర్కాస్ గారికి దేవుడు సంపూర్ణ ఆరోగ్యాన్నీ నిండు నూరేళ్ల ఆయుష్షునూ ప్రసాదించాలని మనసారా కోరుకుంటున్నాము.