రేడియో ఫోరమ్‌కు మోడరేటర్

పాత రేడియోలు బాగుచేసేవాళ్ళ ఆన్‌లైన్ ఫోరమ్‌కు మోడరేటర్‌ను ఎంచుకోవడానికి, దాన్ని నడిపే పెద్దాయన ఆ పని అడిగిన ఆమెను తన వర్క్‌షాపుకు పిలిపించి, ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు.

"ఈ బూతులు రాసినవాణ్ణి ఏం చేస్తావమ్మా?"

"వీడు మా తమ్ముడు సార్. నేను బాగుచేసిన రేడియో ఫొటో పెడితే, వంటింట్లో పని చూసుకోమని నలుగురు వెక్కిరించారు. వాడికి ఒళ్ళు మండింది."

"తెలుసు. అందుకే నిన్నడుగుతున్నా."

"మరి ఆ నలుగురి సంగతేంటి?"

"వెక్కిరించారు, తిట్టలేదు. మన రూల్సులో వెక్కిరింపుకి శిక్ష లేదు."

"మా తమ్ముణ్ణి ఓ వారం ఆపితే సరిపోదా? మంచం దిగలేని మనిషి సార్. పొద్దున లేస్తే వాడికి మాట్లాడేవాళ్ళు ఈ ఫోరమ్‌లోనే ఉన్నారు."

"బూతు రాస్తే శాశ్వతంగా బయటికే. నీ వల్ల కాదంటే చెప్పు, ఆ నలుగురిలో ఒకడు ఈ పని అడుగుతున్నాడు."

ఆమె పెదవి కొరుక్కుని తమ్ముణ్ణి తీసేసే బటన్ నొక్కింది.

"శభాష్. పని నీదే."

అంతలోనే ఆమె ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టమని పెద్దాయన సైగ చేశాడు.

"అక్కా, నన్నెవడో తీసేశాడే! ఆయన దగ్గరే ఉన్నావుగా, కాస్త చెప్పి చూడవూ?"

"చెప్పాన్రా. వినలేదు."

"పోన్లే, ఏడవకు. నీకు పని ఇచ్చాడా?"

"ఇచ్చాడు."

"హమ్మయ్య! అయితే రేపు నువ్వే నన్ను లోపలికి తీసుకోవచ్చుగా!"