వైరు పీకే ముందు

తెర వెనక కొత్తగా పెళ్లయిన భార్యాభర్తలు, ఒకే కంపెనీ ఉద్యోగులు. హాల్లో, ఎవరైనా చూసి దిద్దగల ఓపెన్ సోర్స్ డేటాబేస్ కోడ్ రాసేవాళ్లంతా ఆమె ప్రసంగం కోసం ఎదురుచూస్తున్నారు.

“కరెంటు పోయినా మన కోడ్ డేటా పోగొట్టదని స్టేజీ మీద వైరు పీకి చూపించాలి. పొద్దున పీకి చూస్తే సగం పోయిందండీ!”

“మేనేజరుకు చెప్పావా?”

“ల్యాప్‌టాప్‌లో పెట్టి పీకమన్నాడు. బ్యాటరీ ఉంటుంది కాబట్టి అది ఆగదట.”

“వీళ్ల చెవిలోనా పువ్వులు పెట్టేది! మరి నువ్వేం చేస్తావు?”

“బ్యాటరీ ఊడదీసి హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను.”

“రాక్షసీ! ఉద్యోగం పోతుందే.”

“పెళ్లికి రెండు రోజులే సెలవిచ్చారు. పోతే మిగతాది తీసుకుందాం.”

“మరి పోయిన డేటా సంగతి?”

“పోయిందనే చెప్తాను. తప్పెక్కడుందో వెతకడానికి హాలు నిండా మనుషులున్నారు. మీరు మాత్రం ముందు వరసలో కూర్చోండి, మిమ్మల్ని చూస్తూ వైరు పీకేస్తాను.”