టోల్‌గేటు కాడ చెంచురాముడి విప్లవం

చెంచురాముడని ఒకడు. వాడెవడో మీకు తెలుసు, నా మొహం చూసి నవ్వమాకండి, ముందు కథ వినండి. వాడు ఒంగోల్లో చదువుకుంటా చదువుకుంటా లావు పుస్తకాలన్నీ చదివేశాడంట. చదివితే చదివాడు, అరిగించుకోవాలి గదా! నోరు తెరిస్తే దోపిడీ, మూస్తే పోరాటం. టీ చల్లారినా వ్యవస్థదే తప్పు. ఇట్టాంటోడి చేతికి ఒకరోజు బండి తాళం చిక్కింది. ఎట్టాగంటే, వాళ్ళ మేనత్త మస్తానమ్మ రొయ్యల గుంట వేసింది. రెండు పంటలు తెగులొచ్చి తుడిచిపెట్టుకుపోయినై. మూడోది దక్కింది. దళారికిస్తే ఏం మిగల్దని, ఈసారి ఐసేసి తనే నేరుగా రొయ్యలు కొనే ప్లాంటుకి తోలదామనుకుంది. పదకొండు లోపల చేరాలి, దాటితే తీసుకోరు. ఎండాకాలం, ఐసు ఆగేదెంతసేపు? తీరా పొద్దున ఏమైందంటే, వ్యాను డ్రైవరు కాశింకి జ్వరం. ‘ఒరే చెంచూ, నువ్వు తోలగలవు గదరా, ఈ ఒక్కరోజు గట్టెక్కించు’ అందంట అత్త.

సరేనన్నాడు. ఎక్కంగానే అద్దానికున్న ఫాస్టాగ్ కంటబడింది. అదే, గేటు కాడ పైనుండే మిషను చూసుకుని బ్యాంకులో మన డబ్బులు లాగేసుకునే బిళ్ళ. వీడికి ఒళ్ళు మండింది. అడక్కుండా జేబులో చెయ్యి పెడతదా, ఇది బానిసత్వపు బిళ్ళ అనుకుని, అత్త వెనకాల ట్రేలు ఎక్కిస్తా ఉంటే బ్లేడు పెట్టి బరబరా గీకేశాడంట. అది ఒకసారి పీకితే ముక్కలే, మళ్ళా పనికిరాదు. ఆ చోట ‘రహదారి ప్రజల సొత్తు’ అని ఎర్ర పెన్నుతో రాసి అంటించాడు. అత్త చూసి, ఏదో పార్టీ కాయితంలే అనుకుంది.

అత్తా వాడూ గేటు కాడికి పోయారు. మిషనుకి నినాదాలు చదవడం రాదు గదా, కర్ర లేవలా. గేటులో పిల్ల ‘ట్యాగేది సార్?’ అంది. ‘పీకేశా. రోడ్డు జనానిది, జనం కట్టరు!’ అని దిగి, నడిదారిలో నిలబడి ఉపన్యాసం ఎత్తుకున్నాడంట. సామ్రాజ్యమన్నాడు, సంకెళ్ళన్నాడు. వెనక లారీ హారను కొట్టింది. దాని వెనక బస్సు కొట్టింది. ఇంక లైను లైనంతా కొడతా ఉంది. మావోడికి, నవ్వమాకండి అంటినా, కళ్ళలో నీళ్ళు తిరిగినయ్యంట. జనం కదిలారనుకున్నాడు! పిడికిలెత్తాడు. హారన్లు ఇంకా పెరిగినై. వీడు ఇంకా గట్టిగా అరిచాడు. ఇంతలో లారీ డ్రైవరు దిగొచ్చాడు. కామ్రేడ్ అని వీడు చెయ్యి పట్టుకోబోతే, ‘తమ్ముడూ, కట్టడం నాకు మాత్రం సరదానా? నీ విప్లవం పక్కకి తీసి చేసుకో. ముందు నీ బండి కింద చూడు’ అన్నాడంట. చూస్తే ఏముంది, రోడ్డు మీద నీళ్ళు కాలవ కట్టినై. ఐసు కరిగిపోతా ఉంది. అత్త వెనకెక్కి, ట్రేల మీద తడి గోతాలు సర్దతా ఉంది. ‘ట్యాగ్ లేకపోతే రెట్టింపు సార్’ అంది గేటులో పిల్ల. వీడి జేబులో ఏముంది, పుస్తకమొకటి! అత్తే దిగి, రొంటిన దోపుకున్న సంచి తీసి కట్టింది. దోపిడీ మీద పోరాడి రెండింతలు కట్టించినోడు వాడొక్కడే అనుకోండి.

పదకొండుకి రెండు నిమిషాలుందనంగా ప్లాంటులో దూరారంట. రొయ్యల తలలు నల్లబడినయ్యని రెండు ట్రేలు పక్కనేశారు, మిగతాది తీసుకున్నారు. తిరిగొచ్చేటప్పుడు మళ్ళా అదే గేటు, మళ్ళా రెట్టింపు. ఆ పిల్ల వీణ్ణి చూసి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. గేటు దాటినాక వీడు ఉండబట్టలేక ‘అత్తా, తిట్టవే’ అన్నాడంట. ‘ఎందుకు తిట్టాలిరా? రోడ్డు జనానిది అన్నావు, ఆ మాట నాకూ నచ్చింది. ఆ జనంలో నేనున్నానో లేనో, బిళ్ళ పీకేముందు ఒక్కసారి అడిగుంటే బాగుండేది’ అంది.

వాడేం చేశాడంటారా? ఇంటికొచ్చి, అంత మాట అత్తకెట్టా వచ్చింది, ఏ పుస్తకంలోదా అని ఉన్నవన్నీ తిరగేశాడంట. ఇంకా దొరకలా. మీకెక్కడన్నా కనపడితే చెప్పండి, వాడికి నేను చెప్తాలే.