మొదటి సంతకం

గర్భ పరీక్ష పట్టీ మీద రెండో గీత తేలగానే ఆమె గంతులేస్తూ వంటింట్లోకి వచ్చింది. అది చూసి వెలిగిన భర్త మొహం అంతలోనే వాడిపోయింది.

“తండ్రి కాబోతూ ఆ మొహమేంటండీ?”

“ఇకనుంచి మన బోరు నీళ్లు తాగకు.”

“ఏమైంది వాటికి?”

“వెనక పొలంలో గ్యాస్ తవ్వకాలకి అనుమతి వచ్చేసింది. రాతిని పగలగొట్టడానికి రసాయనాల నీళ్లు లోపలికి కొడతారట. అవి మన బోరులోకి వస్తే?”

“గ్రామసభలో ఊరంతా వద్దంది కదా!”

“గుమ్మంలో హాజరు కోసమని సంతకాలు పెట్టించారు చూడు, వాటినే ఒప్పుకున్నట్టు చూపించారు. మొదటి సంతకం నాదే.”

“ముందు వరసలో కుర్చీ కావాలని పరిగెత్తారుగా!”

“పొద్దున వెళ్లి నా సంతకం కొట్టేయమన్నాను. గడువు దాటిందన్నారు.”

ఆమె చేయి దానంతటదే పొట్ట మీదికి వెళ్లింది.

“మరి మేమేం తాగాలి?”

“రేపు పొద్దున్నే బిందె పట్టుకుని పక్కూరి కుళాయికి వెళ్తాను. అక్కడా వరసలో ముందు నేనే ఉంటాను.”