శేషగిరి వెండి దొర

ఆ ఫోటోలో మీ నాన్న పక్కన కళ్ళజోడాయనా? ఆయన పేరు శేషగిరి, అమ్మా. నువ్వు పుట్టకముందే పోయాడు, నీకెలా తెలుస్తుంది నిధీ. మేం ఈ దేశం వచ్చాక పార్సిప్పనీలో మా పక్క అపార్ట్‌మెంటే. మందుల కంపెనీలో కెమిస్టు. పిల్లల్లేరు. ఆ ఇంట్లో ఉన్నదల్లా ఆయనా, భార్య ఛాయాదేవి గారూ, ఒక నాణెం. నవ్వకు, నిజంగా అంతే. మేమంతా ఇళ్ళు కొనుక్కుంటుంటే ఆయన లండన్ వెళ్ళి, వేలంలో ఆ నాణెం కొనుక్కొచ్చాడు. వెండిది, మన రూపాయి బిళ్ళ కంటే బాగా పెద్దది, మూడొందల ఏళ్ళ పైమాటే. ఎక్కడోగాని దొరకదట. దాని మీద క్రామ్‌వెల్ బొమ్మ. అదే, ఇంగ్లండులో రాజు తల తీయించి, తర్వాత తనే దేశాన్ని ఏలాడే, ఆయన. మీకు స్కూల్లో చెప్పారో లేదో. శేషగిరి దాన్ని గ్లవ్స్ లేకుండా ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. 'జగన్మోహన్, మెడ దగ్గర గీత చూశావా? నాణెం కొట్టే అచ్చు అక్కడ పగిలింది. ఈయన పోయాక కొత్త రాజు శవాన్ని తవ్వించి మరీ తల నరికించాడు, సరిగ్గా అక్కడే' అనేవాడు నాతో. ఎన్నిసార్లు విన్నానో. నల్లబడింది కదయ్యా, తోమించరాదూ అంటే, 'ఆ నలుపే దాని వయసు. అది పోతే ఇంకేముంది' అనేవాడు. ఛాయాదేవి గారు మాత్రం, 'మా ఇంట్లో ముగ్గురం అన్నయ్యగారూ, ఆ దొరతో కలిపి' అని నవ్వేది. మంచి మనిషి. ఆవిడ పులిహోర తింటే... సరేలే, ఏమంటున్నానూ.

ఆఁ, రిటైరయ్యాక మతిమరుపు మొదలైంది. మొదట పేర్లు. మనమూ మర్చిపోతాం కదా అనుకున్నాం. ఓ రోజు మన కొట్లుండే ఓక్ ట్రీ రోడ్డుకి కూరలకని డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళి, ఎందుకొచ్చాడో తెలీక కొట్టు ముందు నిలబడిపోయాడు. డాక్టరు జబ్బు పేరు పెట్టి చెప్పేశాడు. ఇంకేం చేస్తాం. ఆ ఏడు వరలక్ష్మీ వ్రతం ముందురోజు ఆవిడ వెండి సామానంతా సింక్ దగ్గర పెట్టుకుని, ఫోనొస్తే లోపలికెళ్ళింది. ఈయన పాపం సాయం చేద్దామనుకున్నాడు. కుందులూ, కుంకుమ భరిణా అన్నీ తోమేసి, బీరువాలోంచి దాన్ని కూడా తెచ్చాడు. అదీ వెండేగా. స్టీలు పీచుతో, గిన్నెల పౌడరు పెట్టి రుద్దేశాడు. ఆవిడొచ్చేసరికి తళతళలాడుతోంది, ముఖం నిండా గీతలు. 'ఎంత బాగా వచ్చిందో చూడు' అని చూపించాట్ట, సంబరంగా.

మర్నాడు కాస్త తెలివొచ్చింది. ఆ జబ్బంతే, మధ్యమధ్యలో తెరిపినిస్తుంది. ప్రసాదానికి పిలిస్తే వెళ్ళి నేనూ అక్కడే ఉన్నాను. నాణెం అరచేతిలో పెట్టుకుని, 'ఎవరు చేశారిది?' అన్నాడు. ఆవిడ నా వంక చూసింది, మాట్లాడొద్దన్నట్టు. 'నేనేనండీ. తెలీక తోమేశాను' అంది. ఆయన అరవలేదు. సోఫాలో కూర్చుని ఏడ్చాడు. కాసేపట్లో మర్చిపోతాడులే అనుకుంది పాపం. నన్ను మర్చిపోయాడు. సొంత తమ్ముడు ఫోన్ చేస్తే ఎవరన్నాడు. అదొక్కటీ మర్చిపోలేదమ్మా. అన్నం కలిపి పెడుతుంటే, 'నా నాణెం పాడుచేసిన చెయ్యి, తీసెయ్' అనేవాడు. వినలేక, నిజం చెప్పెయ్యండమ్మా అన్నాను. 'చెప్తే తనని తనే తిట్టుకోవాలి కదండీ. నన్నైతే తిట్టేసి పడుకుంటారు' అంది.

తర్వాత ముసలివాళ్ళని చూసుకునే నర్సింగ్ హోమ్‌లో చేర్చాం. ఓ మధ్యాహ్నం ఆవిడ స్పూన్‌తో పెడితే బుద్ధిగా తినేసి, 'థాంక్యూ అండీ, మీరెవరు?' అన్నాడు. ఆవిడ కారిడార్‌లోకొచ్చి గోడకి ఆనుకుంది. 'తిట్టినన్నాళ్ళూ నేనెవరో తెలుసు కదా అన్నయ్యగారూ' అంది. ఆ చలికాలంలోనే పోయాడు. ఫ్యూనరల్ హోమ్‌లో అందరూ వెళ్ళాక నా పక్కకొచ్చి మెల్లగా అడిగింది, 'అక్కడికెళ్ళాకైనా ఆయనకి తెలుస్తుందంటారా, అది నేను చెయ్యలేదని?'

ఊఁ అన్నాను.

...

హీటర్ కాస్త పెంచమ్మా. చలేస్తోంది.