లిఫ్టు జాలీలోంచి నేర్చిన కరాటే

లిఫ్టులు బాగుచేసే బాబాయ్ గొంతు సవరించుకున్నాడంటే ఆ టీ కొట్టు ముందు ఎవరి పనీ ముందుకి సాగదు. ఆయన ఎవరికి బాబాయో ఎవరికీ తెలీదు. టీ కొట్టాయనకీ బాబాయే, పక్క షాపు టైలరుకీ బాబాయే, ఎదురుగా మందుల షాపులో పనిచేసే ఆవిడకీ బాబాయే. ఆ సాయంత్రం ఆయన ముందు ఈ ముగ్గురే ఉన్నారు. టైలరు మెడలో టేపు కూడా తీయకుండా వచ్చి కూర్చున్నాడు. మందుల షాపావిడ ఒళ్లో నోటుబుక్కు పెట్టుకుని, కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతోంది.

కొట్టు పై మేడ మీద కరాటే క్లాసు. ఇంకాసేపట్లో ఆవిడకి పరీక్ష. ఆవిడా, ఆవిడ కూతురూ ఒకే రోజు చేరారు. పిల్ల చకచకా ముందుకెళ్లిపోయింది. ఈవిడ రెండుసార్లు పరీక్షకి నిలబడి, రెండుసార్లూ ఒకే చోట, ఎడమకి తిరిగి చెయ్యి అడ్డం పెట్టాక, తర్వాత ఏం చెయ్యాలో తెలీక బొమ్మలా ఆగిపోయింది. ఈసారి గట్టెక్కితే కూతురికి జోడీగా నిలబడొచ్చు. లేదంటే పిల్లకి వేరే జోడీని చూస్తానని మాస్టారు చెప్పేశారు. "వేరేవాళ్లు నాకొద్దు, నువ్వే ఉండాలి" అని పొద్దున జడ వేయించుకుంటూ అంది పిల్ల. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఆవిడ చేతిలో టీ మర్చిపోయి వరస మళ్లీ మొదటినుంచి మొదలుపెడుతోంది.

"ఏంటమ్మాయ్, నీలో నువ్వే మాట్లాడుకుంటున్నావ్?" అన్నాడు బాబాయ్.

"వరస గుర్తుండట్లేదు బాబాయ్. ప్రతిదీ రాసుకుంటున్నా. అయినా అక్కడ నిలబడేసరికి బుర్ర ఖాళీ. నీకు ఎవరైనా తెలుసా, ఇలాంటివి బాగా గుర్తుపెట్టుకునేవాళ్లు?"

పాపం, నిజంగానే అడిగింది. బాబాయ్‌ని ఇలా ప్రశ్న అడగడమంటే ఏంటో తెలిసిన టీ కొట్టాయన గ్లాసులు కడగడం ఆపి చేతులు తుడుచుకున్నాడు.

"ఎవరో ఎందుకమ్మా, నేను లేనూ? కొత్తగా పనిలో చేరిన రోజులు. ఒక ఏడంతస్తుల బిల్డింగులో లిఫ్టు రిపేరు. పాతకాలం లిఫ్టు, జాలీ తలుపు. నాలుగో అంతస్తులో కరాటే నేర్పేవాళ్లు. నేను లోపల నిలబడి మోటారు పరీక్ష చేస్తూ పైకీ కిందకీ తిరుగుతుంటే, జాలీలోంచి వాళ్లు కనబడేవాళ్లు. చూసింది ఎంతసేపు? రెప్పపాటు. నేర్చుకున్నది ఎంత? మొత్తం!"

"రెప్పపాటులో మొత్తం ఎలా కనబడుతుంది బాబాయ్?" అన్నాడు టైలరు.

"అది లిఫ్టు సంగతి తెలిసినవాడికే అర్థమవుతుంది. పైకి వెళ్తుంటే ముందు కాళ్లు కనిపిస్తాయి, కిందకి దిగుతుంటే ముందు తలలు కనిపిస్తాయి. కాబట్టి కిక్కులన్నీ వెళ్లేటప్పుడు నేర్చుకున్నా, గుద్దులన్నీ వచ్చేటప్పుడు నేర్చుకున్నా. మధ్యలో నడుం తిప్పడం ఒక్కటి తేడా కొడుతుంటే, అక్కడ లిఫ్టు ఆపి, రిపేరు చేస్తున్నట్టు నటించా."

మందుల షాపావిడ ముందుకి వంగింది. ఆవిడకి నవ్వు రాలేదు, ఆశ పుట్టింది. "మరి ఏది ముందో ఏది వెనకో ఎలా గుర్తుంది?" అంటూ నోటుబుక్కు చివరి పేజీ తెరిచింది. మందుల షాపులో ఎవరేం చెప్పినా రాసుకోవడం ఆవిడకి అలవాటు. మాత్ర పొద్దునా రాత్రా, తిన్నాకా తినకముందా అన్నది రాయకుండా ఒక్క కవరు కూడా చేతికివ్వదు.

"ఎలా గుర్తుందా? గోడ మీద రాశాగా! అంతస్తుకీ అంతస్తుకీ మధ్య లిఫ్టు గోడ ఉంటుంది చూడు, దాని నిండా చాకుపీసుతో రాసేశా."

"ఒక్కసారి చూస్తే మొత్తం వచ్చేసిందన్నావ్?" అన్నాడు టీ కొట్టాయన.

"నాకోసం కాదయ్యా, లోకం కోసం! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ క్లాసు పిల్లలకి డౌటొస్తే మాస్టారుని అడగడం మానేశారు. లిఫ్టు ఎక్కి వెళ్లి గోడ చదువుకొచ్చేవాళ్లు. కిక్కులకి రెండో అంతస్తు దాటాక, పట్లకి ఐదు దాటాక. కరెంటు పోతే క్లాసుకి సెలవు. చివరికి మాస్టారే ఒకరోజు స్టూలేసుకుని లిఫ్టులో కూర్చుని, పైకీ కిందకీ తిరుగుతూ, 'నాకే తెలీనివి రాశావేంటయ్యా' అన్నాడు. నేనేమన్నానో తెలుసా? 'అడగండి సార్, మొహమాటపడకండి' అన్నా."

టైలరు టేపు మూతికి అడ్డం పెట్టుకున్నాడు. బాబాయ్ పట్టించుకోలేదు. ఆయన అసలు కథలోకి ఇప్పుడే వస్తున్నాడు.

"ఆ మాస్టారు మీద పంతంతో ముగ్గురు వస్తాదులు వచ్చారమ్మా. ఒక్కొక్కడూ బీరువాలా ఉన్నాడు. లిఫ్టులో నేనూ వాళ్లూ. సరిగ్గా మూడుకీ నాలుగుకీ మధ్య ఆగిపోయింది. చిమ్మచీకటి. టార్చి వెలిగించానో లేదో, నేను మాస్టారు మనిషినని తెలిసి ముగ్గురూ మీదపడ్డారు. కుడిచేత్తో మొదటివాడి కాలరు పట్టా. ఎడమచేత్తో రెండోవాడి మణికట్టు మెలిపెట్టా. మూడోవాడి పాదం తొక్కిపట్టా. ఇంతలో రెండోవాడు ఒక విడుపు వేశాడు, నేనెక్కడా చూడలేదు! అలాంటిది కనబడితే వదులుతానా? అక్కడికక్కడే గోడ మీద రాస్తూ, 'నాయనా, అది మళ్లీ ఒకసారి వెయ్యి, నిదానంగా. ఏ కాలు ముందు?' అని అడిగా."

"వాడు చెప్పాడా?"

"చెప్పకేం? నేర్చుకునేవాణ్ణి చూస్తే ఎవరికైనా ముద్దొస్తుంది. వాడు చెప్తుంటే మొదటివాడు, 'అలా కాదు, మోచెయ్యి కిందకుండాలి' అన్నాడు. వాళ్లలో వాళ్లకి గొడవ. మూడోవాడు 'ముందు నాది రాయండన్నా, నాది చిన్నదే' అని బతిమాలాడు. అన్నీ రాసుకున్నా. రాసుకున్నాక, వాళ్లు చెప్పిందే వాళ్ల మీద వేశా. ఆ దెబ్బ ఊపుకి ఆగిపోయిన లిఫ్టు ఒక అంతస్తు లేచింది. ఇంకో దెబ్బ, ఇంకో అంతస్తు. అలా కొడుతూ పోయి, తలుపు తీసి చూస్తే తొమ్మిదో అంతస్తు!"

"బిల్డింగు ఏడంతస్తులేగా బాబాయ్? తొమ్మిదిలో ఎవరున్నారు?"

"ఎవరుంటారయ్యా, ఇంకా కట్టలేదుగా!"

టీ కొట్టాయన కౌంటరు మీద చరిచి నవ్వాడు. మందుల షాపావిడ మాత్రం రాసింది చదువుకుంటోంది, కనుబొమలు ముడేసి.

"బాబాయ్, తప్పుగా అనుకోకు. కుడిచెయ్యి కాలరు మీదుంది. ఎడమచెయ్యి మణికట్టు మీదుంది. చాకుపీసు ఎక్కడుంది?"

"కాలివేళ్ల మధ్య. పనిలో నేను చెప్పులు వేసుకోను."

"ఒక పాదం మూడోవాడి పాదం మీదుంది. రెండోదాంతో రాస్తున్నావు. మరి దేని మీద నిలబడ్డావ్?"

"వాడి పాదం మీదే! అందుకేగా వాడు కదల్లేదు!"

"అబ్బ!" అన్నాడు టైలరు, ఈసారి నిజంగా మెచ్చుకుంటూ.

ఆవిడ రాసుకుంది. రాస్తూ రాస్తూ పెన్ను ఆపింది. గబగబా పేజీలు వెనక్కి తిప్పి, తన సొంత నోట్సు తీసింది. 'ఎడమకి తిరిగి, ఎడమచేత్తో కింద అడ్డం. అడుగు వేసి గుద్దు.' అంతే ఉంది. ఎడమచెయ్యి అడ్డం పెట్టినప్పుడు కుడిచెయ్యి ఎక్కడుంది? రాయలేదు. బాబాయ్‌ని ఇంతసేపూ నిలదీసిన ప్రశ్న ఆవిడ తన పేజీని ఒక్కసారి కూడా అడగలేదు. ఏ పనీ చెయ్యని చేతిని ఎవరు రాసుకుంటారు?

గ్లాసు పక్కన పెట్టి లేచింది. ఎడమకి తిరిగి అడ్డం పెట్టింది. కుడిచెయ్యి కూరగాయల సంచీ మోస్తున్నట్టు వేలాడుతోంది. దాన్ని పిడికిలి బిగించి నడుం దగ్గరికి లాగింది. అడుగు వేసింది. గుద్దు అక్కణ్ణుంచి దానంతటదే బయల్దేరింది! వెతుక్కోవాల్సిన పనే లేదు, అది వెళ్లడానికి వేరే దారే లేదు. ఇంకోసారి చేసింది. టైలరు తన గ్లాసు పక్కకి జరుపుకున్నాడు. ఆవిడకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"ఏంటమ్మా, నా కథకి అంత ఊపొచ్చిందా?" అన్నాడు బాబాయ్ గర్వంగా.

మేడ మీంచి విజిల్ వినబడింది. ఆవిడ నోటుబుక్కు బల్ల మీదే వదిలేసి మెట్ల దాకా పరిగెత్తింది. మొదటి మెట్టు ఎక్కి వెనక్కి తిరిగింది.

"ఇంకొక్కటి బాబాయ్. రెండు చేతులూ వాళ్ల మీదున్నాయి. చీకటన్నావు. టార్చి ఎక్కడ పెట్టుకున్నావ్?"

బాబాయ్ తడుముకోలేదు. "నోట్లో!"

"మరి 'నాయనా, మళ్లీ వెయ్యి' అని అడిగిందెవరు?"

బాబాయ్ నోరు తెరిచాడు. మూశాడు. చేతులకి దారి దొరికింది, కాళ్లకి దొరికింది, లేని అంతస్తుకి కూడా దొరికింది. నోరు మూసుకుని కొట్టానని చెప్పడం మాత్రం ఆయన వల్ల కాలేదు. టీ కొట్టాయన నవ్వుకి స్టవ్ మీద పాలు పొంగిపోయాయి.

మేడ మీద ఆవిడ వరస మొదలుపెట్టింది. గోడ పక్కన నిలబడి పిల్ల చూస్తోంది. ఎడమకి తిరిగే చోటు వచ్చింది. అడ్డం పెట్టింది. కుడి పిడికిలి నడుం దగ్గర సిద్ధంగా ఉంది. ఆవిడ ఆగలేదు, చివరిదాకా ఆగలేదు.

మాస్టారు ఏదో అనబోయేలోపే పిల్ల పరిగెత్తుకొచ్చి, తల్లి పక్కన జోడీ నిలబడాల్సిన చోట నిలబడింది. మాస్టారు ఇద్దరినీ చూసి తలూపి, ఆసక్తిగా అడిగారు.

"ఇన్నాళ్లూ రానిది ఈరోజు ఎలా గుర్తుందమ్మా?"

"కింద ఒకాయన కోతలు కోస్తుంటే శ్రద్ధగా రాసుకున్నానండి."