ఆరు కిలోల స్ప్రింగు

వెళ్ళారండీ మీ వాళ్ళు. ఇప్పుడే. బూట్లలో కాళ్ళు దూరుస్తూ కూడా ఆపలేదు ఆ నుమాజిరిగారు. "ఒక్కసారి ఆలోచించండి వదినగారూ, ఒక్కసారి!" అట. ఒక్కసారేమిటి, ఏడాదిగా అదే ఆలోచిస్తున్నాను. ఆయనకి తెలిసింది ఇవాళ, అంతే.

అలా చూడకండి. ఫోటోలో నవ్వుతున్నారు కదా, నవ్వుతూనే వినండి. ఉండండి, టీ మారుస్తాను. పొద్దున మీ ముందు పెట్టింది చల్లారిపోయింది.

అవును, మీ సంవత్సరీకం నాడే గొడవపడ్డాను. మీ ఎదురుగానే. అగరొత్తి సగం కూడా కాలలేదు. మంత్రాలు చదవడానికొచ్చిన గురువుగారు పాపం, మా వంక చూడలేక, గిన్నెలోని సోయా గింజలు ఒక్కొక్కటే ఏరుకుని తింటూ కూర్చున్నారు. అన్ని గింజలు ఆయన జన్మలో తిని ఉండరు.

మొదటినుంచీ చెబుతాను. ఆ నుమాజిరిగారి నోట వింటే ఇంకోలా ఉంటుంది.

వచ్చే ఆదివారం మీ పేరు చెప్పి కొండమీది కార్ల పందేల సర్క్యూట్‌లో మీ క్లబ్బువాళ్ళు బండ్లు తిప్పుతారట. మంచిదే. అన్నిటికన్నా ముందు మీ బండి ఉండాలట. అదీ మంచిదే. దాన్ని నుమాజిరిగారు నడుపుతారట! నన్నొక మాట అడిగారా? నన్నడిగింది మధ్యాహ్నం భోజనం పొట్లాలు ఎన్ని కట్టాలని. ముప్పై ఏళ్ళుగా బడిపిల్లలకి వండుతున్నదాన్ని కదా, నాకైతే అంచనా బాగా తెలుస్తుందట.

"అన్నయ్య సెట్టింగు మేమెవరం ముట్టుకోం వదినగారూ" అన్నారు కళ్ళు తుడుచుకుంటూ. "ముందు స్ప్రింగులు పన్నెండు కిలోలు, వెనకవి పది. బండి పొట్టకీ నేలకీ మధ్య తొమ్మిది సెంటీమీటర్లు, వెంట్రుకంత తేడా లేదు." ఇక గురువుగారి వైపు తిరిగి, ఆ స్ప్రింగుని ఒక్క మిల్లీమీటరు నొక్కాలంటే పన్నెండు కిలోల బరువు పెట్టాలండీ అని పాఠం చెప్పారు. గురువుగారు ఇంకో గింజ తిన్నారు.

అంతలో మీ క్లబ్బు ఉబుకటగారు సంచిలోంచి తువ్వాళ్ళ కట్ట తీశారు. ఏముందనుకున్నారు వాటిమీద? మీ అంకెలండీ! పన్నెండు, పది, తొమ్మిది. నీలం రంగులో అచ్చు వేయించారు. ఆదివారం పంచడానికి అరవై తువ్వాళ్ళు.

అప్పుడు చెప్పాను. "ఆ సస్పెన్షను ఇప్పుడు బండికి లేదండీ. తీయించేశాను. ఆదివారం నడిపేది కూడా నేనే."

నుమాజిరిగారు చాప్‌స్టిక్సు కింద పెట్టేశారు.

"తీయించేశారా?"

"తీయించేశాను."

"తీసి, ఏం పెట్టారు?"

"ఆరు కిలోలవి. వెనక నాలుగు."

"ఆరా! వదినగారూ, అది బండి కాదు, ఉయ్యాల!"

"ఉయ్యాలైతే ఊగేది నేనే కదండీ."

ఉబుకటగారికి టీ పొలమారింది. నవ్వుకో, కోపానికో తెలీదు. నుమాజిరిగారు మాత్రం ఎర్రబడిపోయారు. పదేళ్ళు వెతికి పట్టుకున్న సెట్టింగట, చనిపోయిన మనిషి చేతిపనట, ఏడాది తిరక్కుండానే నాకు చేతులెలా వచ్చాయట. కందకి లేని దురద కత్తిపీటకెందుకండీ?

మీరే చెప్పండి. నా చిన్న బండి చలికాలంలో చచ్చిపోయింది. పొద్దున్నే ఐదున్నరకి బడి వంటశాలకి మీ బండిలోనే కదా పోతున్నాను! రైలు పట్టాలు దాటితే పళ్ళు టకటకమనేవి. కొన్యాకు దుంపల చేల పక్కన ట్రాక్టర్లు తిరిగి గుంటలు పడ్డ రోడ్డుంది చూడండి, అక్కడ ఒకరోజు పక్కసీట్లో గుడ్ల అట్ట పెట్టాను. ముప్పైలో పదకొండు పగిలాయి. సీటు కడగలేక చచ్చాను. మీ సెట్టింగు అది!

పోనీ, సర్క్యూట్‌లో దివ్యంగా ఉండేదా? ఆ, వెళ్ళాను. మీకు చెప్పలేదు. ఏప్రిల్ నుంచి బుధవారం మధ్యాహ్నాలు, కొత్తవాళ్ళకి నేర్పే తరగతికి. అరవైమూడేళ్ళకి హెల్మెట్ కొనుక్కున్నాను, ఏం? మీది నా తలకి గిరగిరా తిరుగుతోంది మరి.

దిగుడులో ఎడమ మలుపుంది కదా, అక్కడ బండి కప్పలా గెంతేది. బ్రేకు తొక్కితే ఒక పక్క చక్రం నేలమీద, ఇంకో పక్కది గాల్లో. నాకే చేతకావడం లేదనుకున్నాను. ముసలిదానికి ఈ సరదా ఏమిటని నాలుగు బుధవారాలు నన్ను నేనే తిట్టుకున్నాను. నాలుగు! ఆ తిట్లు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పక్క ఊళ్ళో బండ్లు బాగుచేసే కొగురెగారి షాపుంది. మీవాళ్ళెవరూ తొక్కని గుమ్మం కావాలి కదా, అక్కడికి పోయాను. కొగురెగారు నలభై ఏళ్ళావిడ, గోళ్ళ నిండా గ్రీజు. ఏ స్ప్రింగు కావాలని అడగలేదండీ ఆవిడ. "రోజూ ఎంతదూరం పోతారు? పక్కసీట్లో ఎవరు కూర్చుంటారు?" అని అడిగింది. గుడ్లు అన్నాను. నవ్వలేదు. కాయితం మీద రాసుకుంది, గుడ్లు అని.

మీరంతా షకోచో, షకోచో అని ఊదరగొట్టేవారే, ఎత్తు సర్దుకునే సస్పెన్షను, అవి మూడు తెచ్చి బల్లమీద పెట్టింది. మొదటిదాంట్లో ఎత్తు పెంచాలంటే స్ప్రింగు కిందున్న రింగే పైకి తిప్పాలి. బండి లేస్తుంది సరే, చక్రం గుంటలోకి దిగడానికి చోటు మిగలదట. మరి మన రోడ్డంతా గుంటలే కదా! వద్దన్నాను.

రెండోది అచ్చంగా పందేలది. పైన రబ్బరు బదులు ఇనప గుండు. చూడ్డానికి నగలా మెరుస్తోంది. "ఇది దారిలో ప్రతి గులకరాయినీ పేరుపెట్టి పరిచయం చేస్తుంది" అంది కొగురెగారు. ఈ వయసులో నాకన్ని కొత్త పరిచయాలెందుకు?

మూడోదాంట్లో ఎత్తు వేరు, స్ప్రింగు వేరు. కిందిభాగం తిప్పితే ఎత్తు మారుతుంది, స్ప్రింగు జోలికి పోదు. పైన రబ్బరే ఉంది. లోపలి నూనె పాతబడితే విప్పి మార్చుకోవచ్చు. ఆ మాటతో ఇదే ఇవ్వమన్నాను. విప్పి కడగడానికి వీల్లేని సామాను నా వంటింట్లో ఎప్పుడైనా చూశారా మీరు?

ఎత్తు పదకొండు పెట్టించాను. సర్కారు తనిఖీవాళ్ళకి తొమ్మిది చాలు, నాకు చాలదు. దుకాణం ముందు ఏటవాలు ఎక్కినప్పుడల్లా పొట్ట గీరుకుంటే నా పొట్టే గీరుకున్నట్టుండేది. ఇక బిగువు మార్చే మీట ఉంది, తిప్పితే ముప్పైరెండు టక్కులు. పూర్తిగా బిగించి అక్కణ్ణుంచి వెనక్కి లెక్కపెట్టాలి. రోడ్డుకి ఇరవైనాలుగు, సర్క్యూట్‌కి పది. నేనే తిప్పుకుంటాను. మోకాళ్ళ కింద పాత దుప్పటి వేసుకుని.

ఆ ఎడమ మలుపులో ఇప్పుడు గెంతదండీ. ఒంగుతుంది, ఒంగి పట్టుకుంటుంది. నేర్పే ఆయన "ఏం చేశారు సకమాకిగారూ?" అని ఆశ్చర్యపోయాడు. నేనేం చేశాను, నేనెప్పుడూ బాగానే నడిపాను!

సరే. ఇక మీ సంగతి.

పాతవి విప్పుతుంటే కొగురెగారు నన్ను లోపలికి పిలిచింది. "ఇది మీరు చూడాలి" అంది. ఎత్తు తిప్పే రింగులు నాలుగూ తుప్పుపట్టి కరుచుకుపోయాయి. చలికాలం రోడ్డుమీద చల్లే ఉప్పు. నూనె పోసింది, మంట పెట్టింది, సుత్తితో బాదింది. ఊహూ. ఇవి తిరిగి ఎనిమిదేళ్ళు దాటి ఉంటుందట. లోపలి నూనె కూడా ఎప్పుడో కారిపోయిందట. పైన మీట టక్కు టక్కుమంటుంది, కింద ఏమీ జరగదు.

ఎనిమిదేళ్ళు! ప్రతి ఆదివారం బానెట్టుకి మైనం రాసి మొహం చూసుకునేవారే, ఒక్కసారి వంగి కింద నీళ్ళు కొట్టలేకపోయారా? పైన పటారం, లోన లొటారం!

అప్పుడు మీరు కూర్చునే తీరు గుర్తొచ్చింది నాకు. చక్రం పక్కన గొంతుక్కూర్చుని, కళ్ళు మూసుకుని, రెండు టక్కులు తిప్పి, "ఆ, ఇప్పుడు కుదిరింది" అనేవారు. మీ చుట్టూ ఆరుగురు మగాళ్ళు ఊపిరి బిగబట్టి నిలబడేవారు. నుమాజిరిగారైతే పుస్తకంలో రాసుకునేవారు.

మీకు తెలీదేమో అనుకున్నాను ముందు. తర్వాత కొట్టంలో, మీ సామాన్ల పెట్టెలో అట్టడుగున, గుడ్డలో చుట్టిన స్పానరు దొరికింది. రింగు తిప్పే కొక్కెం స్పానరు. పన్ను విరిగిపోయి ఉంది. అంటే తిప్పబోయారు. అది విరిగింది. విరిగితే చుట్టి దాచేసి, బయటికొచ్చి, "నా సెట్టింగు పూర్తయింది, ఇక దీన్ని ముట్టను" అని చెప్పారు. అవునా, కాదా?

నవ్వొచ్చిందండీ నాకు. ఆ కొట్టంలోనే, పెట్టె మీద కూర్చుని తెగ నవ్వాను. తర్వాత ఏడ్చాను, అదీ నిజమే. నాతో చెప్పచ్చు కదా! నేనేమన్నా తువ్వాలు మీద అచ్చు వేయించేదాన్నా? ఇద్దరం కలిసి బాదేవాళ్ళం సుత్తితో.

ఇవాళ ఆ మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. "అది సెట్టింగు కాదండీ నుమాజిరిగారూ, తుప్పు" అంటే చాలు. అరవై తువ్వాళ్ళూ నేల తుడుచుకోవడానికి పోయేవి. ఆయన అన్న మాట విన్నారుగా? "మొగుడి చేతి గుర్తు చెరిపేసిన మనిషి" అన్నారు. గురువుగారి ముందు. నేను నోరు మూసుకుని ఆయన కప్పులో టీ పోశాను.

ఏమిటా నవ్వు? ఎంతటి ఇల్లాలు, నా పరువు నిలబెట్టింది అనుకుంటున్నారు కదూ? ఆపండి. అంత మంచిదాన్నేమీ కాను.

చెబుతున్నాను, వినండి. ఇంకోసారి చెప్పను. తుప్పు సంగతి చెబితే నుమాజిరిగారు ఏమనేవారు? "అయ్యో, అలాగా! అయితే మార్చాల్సిందే వదినగారూ, మార్చండి, మార్చండి" అనేవారు. ఉబుకటగారు తలూపేవారు. పాపం బండి పాడైంది, అందుకని మార్చుకుంది అనుకునేవారు. అందరూ ఒప్పుకునేవారు.

పాడవకపోయినా మార్చేదాన్నండీ. మీ పన్నెండు కిలోలు బంగారంలా పనిచేస్తున్నా పీకించేసేదాన్ని. ఎందుకంటే నాకు నచ్చలేదు. అంతే.

పుట్టింట్లో మా నాన్న సరే అనాలి. ఇక్కడికొస్తే మీ అమ్మ సరే అనాలి. తర్వాత నలభై ఏళ్ళు మీరు సరే అనాలి. కర్టెన్ల రంగుకి కూడా. ఇదొక్కటి ఎవరి సరేతోనూ జరగకూడదని నోరు మూసుకున్నాను. మీ సరే కూడా నాకక్కర్లేదు.